సికిల్ సెల్ మార్పు ఆరో స్థానంలోనా, ఏడో స్థానంలోనా? జీనోమ్ డేటాబేస్‌లు చూపే వివరాలను ఎలా సరిపోల్చుకోవాలి?

ప్రశ్న: డిగ్రీ అధ్యాపకురాలు

నమస్కారం. నేను డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థులకు జన్యుశాస్త్రం బోధిస్తాను. సికిల్ సెల్ వ్యాధికి కారణమైన మార్పును పాఠ్యపుస్తకంలోని బొమ్మలో చూపించి వదిలేయకుండా, ఉచితంగా అందుబాటులో ఉన్న జీనోమ్ డేటాబేస్‌లలో విద్యార్థులే వెతికి పట్టుకునేలా ఈసారి ఒక ప్రాక్టికల్ తయారు చేస్తున్నాను. మా విద్యార్థులలో కొందరు ఏజెన్సీ గ్రామాల నుంచి వస్తారు. అక్కడ సికిల్ సెల్ పరీక్షలు జరుగుతున్నందువల్ల ఈ వ్యాధి పేరు వారికి కొత్త కాదు.

పుస్తకంలో ఉన్నదానికీ తెరమీద కనిపించేదానికీ పొంతన కుదరడం లేదు. హీమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుందనీ, జీఏజీ అనే కోడాన్ (ఒక ఎమైనో ఆమ్లాన్ని సూచించే మూడు బేస్‌ల, అంటే మూడు అక్షరాల గుంపు) జీటీజీగా మారుతుందనీ, అంటే ‘ఏ’ బదులు ‘టీ’ వస్తుందనీ పుస్తకం చెబుతోంది. జన్యు మార్పుల డేటాబేస్ అయిన డీబీస్నిప్‌లో, ఆ చోటుకు ఇచ్చిన ఆర్‌ఎస్ 334 అనే సంఖ్య పేజీ తెరిస్తే అది ఏడో స్థానమని ఉంది. పైగా మార్పు ఏ నుంచి టీకి కాక, టీ నుంచి ఏకు అని ఉంది. క్రోమోజోమ్ 11 మీద ఆ స్థానం ఒక చోట 52,27,002 అనీ, ఒక పాత వ్యాసంలో 52,48,232 అనీ కనిపిస్తోంది. వీటిలో ఏది సరైనదని పిల్లలకు చెప్పాలి? యూసీఎస్‌సీ, ఎన్సెంబుల్, ఎన్‌సీబీఐ అనే జీనోమ్ సైట్లలో దేనితో మొదలుపెట్టడం మంచిది? మన తెలుగువారిలో ఈ మార్పు ఎంతమందిలో ఉందో చూపే డేటాబేస్ ఏదైనా ఉందా?

సమాధానం 1: బయోఇన్ఫర్మాటిక్స్ ఉద్యోగి, హైదరాబాద్

మేడమ్ గారూ, మీరు చూసినవన్నీ సరైనవే. ఒకే మార్పును వేర్వేరు ప్రమాణాల నుంచి లెక్కపెట్టడం వల్ల వచ్చిన తేడాలు ఇవి. మీ ప్రాక్టికల్‌ను ఈ పొంతన లేకపోవడం చుట్టూనే నిర్మిస్తే మరీ మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే జీనోమ్ డేటాబేస్‌లు వాడేవారు పొరబడేది ఎక్కువగా ఈ చోట్లలోనే.

మొదట ఆరు, ఏడుల సంగతి. 1950లలో వెర్నన్ ఇంగ్రామ్ ఈ తేడాను కనిపెట్టినప్పుడు ఆయన చేతిలో ఉన్నది రక్తం నుంచి తీసిన ప్రోటీన్ మాత్రమే. బీటా గ్లోబిన్ తయారైన తరువాత దాని మొదటి ఎమైనో ఆమ్లమైన మిథియోనిన్ తొలగిపోతుంది కాబట్టి, ప్రోటీన్‌ను చూసి లెక్కపెట్టినవారికి వాలీన్ ఒకటోది అయింది, మన గ్లుటామిక్ ఆమ్లం ఆరోది అయింది. ఈనాటి నామకరణ నియమం జన్యువులోని ప్రారంభ కోడాన్ నుంచే లెక్క మొదలుపెట్టమంటుంది. ఆ వరుస ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ, సీసీటీ, జీఏజీ అని సాగుతుంది. ఏటీజీని కూడా కలుపుకుంటే జీఏజీ ఏడోది. ఏడో కోడాన్‌లో 19, 20, 21 సంఖ్యల బేస్‌లు ఉంటాయి, మారేది మధ్యది, కనుక వ్యాధులతో ముడిపడిన మార్పుల డేటాబేస్ క్లిన్‌వార్ వంటి చోట్ల దీనిని కోడింగ్ వరుసలో 20వ బేస్ వద్ద ఏ నుంచి టీ అని రాస్తారు. విద్యార్థులు ఈ ఏడు కోడాన్లను కాగితం మీద రాసుకుని వేలితో లెక్కపెడితే సందేహం మిగలదు.

ఇక ఏ, టీల తారుమారు. అందరూ ప్రమాణంగా వాడే రెఫరెన్స్ జీనోమ్‌లో ప్రతి క్రోమోజోమ్‌కూ డీఎన్‌ఏ రెండు పోచలలో ఒక పోచను మాత్రమే ముందు పోచగా తీసుకుని రాస్తారు. బీటా గ్లోబిన్ జన్యువు చదవబడేది దానికి ఎదురు పోచ మీద. ఒక పోచలోని ఏకు ఎదురుగా టీ, జీకి ఎదురుగా సీ ఉంటాయి కాబట్టి, జన్యువు దిశలో జీఏజీ అయినది ముందు పోచ మీద సీటీసీగా కనిపిస్తుంది, జీటీజీ అయినది సీఏసీగా కనిపిస్తుంది. డీబీస్నిప్ జీనోమ్ స్థానాన్ని ముందు పోచ ప్రకారం రాస్తుంది కాబట్టి అక్కడ టీ నుంచి ఏ అని ఉంది.

మూడోది స్థానం అంకె. 52,48,232 అన్నది 2009లో వచ్చిన జీఆర్‌సీహెచ్ 37 అనే రెఫరెన్స్ జీనోమ్ కూర్పులోని స్థానం. యూసీఎస్‌సీ దానినే హెచ్‌జీ 19 అంటుంది. 52,27,002 అన్నది 2013 డిసెంబరులో వచ్చిన జీఆర్‌సీహెచ్ 38లోని స్థానం. పురపాలక సంఘం వారు వీధికి కొత్త నంబర్లు వేసినప్పుడు ఇల్లు కదలకపోయినా గుమ్మం మీద పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్నట్లే ఇదీను. ఈ చోట తేడా 21,230 బేస్‌లు, కానీ ఆ సంఖ్యను తీసివేసి మిగతా జన్యువుల స్థానాలు లెక్కకట్టకూడదు. తేడా చోటుచోటుకూ మారుతుంది. ఆ పనికి యూసీఎస్‌సీలో లిఫ్ట్‌ఓవర్ అనే పరికరం ఉంది. ఆర్‌ఎస్ సంఖ్య మాత్రం కూర్పు మారినా మారదు.

ఒక్క జాగ్రత్త: ఆర్‌ఎస్ 334 అనేది ఒక చోటుకు పెట్టిన గుర్తు, ఆ చోట జరిగే ఒక మార్పుకు పెట్టిన గుర్తు కాదు. అదే బేస్ మరొక విధంగా మారి గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో అలనీన్ వస్తే అది హీమోగ్లోబిన్ జీ మకాసర్ అవుతుంది, సికిల్ సెల్ కాదు. అందువల్ల ఆర్‌ఎస్ సంఖ్యతో పాటు ఏ అక్షరం ఏ అక్షరంగా మారిందో కూడా రాయించండి.

ఏ సైట్‌తో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా ఓటు యూసీఎస్‌సీకే. 2000 జులైలో మానవ జీనోమ్ ముసాయిదాను మొదట అందరికీ తెరిచి ఉంచింది శాంటా క్రూజ్‌లోని ఆ విశ్వవిద్యాలయమే. అక్కడి బ్రౌజర్‌లో వెతికే పెట్టెలో ఆర్‌ఎస్ 334 అని టైపు చేసి, బేస్‌లు కనిపించేంత దగ్గరికి వెళితే, జన్యువు, కోడాన్లు, అక్షరాలు అన్నీ ఒకే తెర మీద ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. బొమ్మలో చూసి నేర్చుకునే పిల్లలకు అది అనుకూలం.

సమాధానం 2: జనాభా జన్యుశాస్త్ర పరిశోధకురాలు

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, మీ ప్రాక్టికల్‌కు నేను ఎన్సెంబుల్‌ను ఎంచుకుంటాను, ఎందుకంటే మీ చివరి ప్రశ్నకు దారి అక్కడే ఉంది. ఎన్సెంబుల్‌లో ఒక వేరియంట్ పేజీ తెరిచి జనాభా జన్యుశాస్త్రం విభాగానికి వెళితే, పలు దేశాలవారి జీనోమ్‌లను చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులోని ప్రతి జనసమూహంలోనూ ఆ అక్షరం ఎంత తరచుగా ఉందో వరుసగా కనిపిస్తుంది. 2015లో ఆ ప్రాజెక్టు ప్రచురించిన మూడో దశలో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. వాటిలో ఐటీయూ అన్న సంకేతంతో కనిపించే సమూహం మనదే: బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు, మొత్తం 102 మంది. తెలుగు మాట్లాడేవారి పేరుతో ఇంత బాహాటంగా అందుబాటులో ఉన్న జీనోమ్ సమాచారం ఇదేనని తెలిస్తే విద్యార్థులు తప్పకుండా ఆసక్తి చూపుతారు.

అయితే అక్కడ కనిపించే సంఖ్యను తెలుగు రాష్ట్రాల సంఖ్యగా చదవకూడదు. ఆ 102 మంది బ్రిటన్‌లో ఉంటూ స్వచ్ఛందంగా రక్తం ఇచ్చినవారు. మీ విద్యార్థుల ఏజెన్సీ గ్రామాలకు ఆ సమూహం ప్రతినిధి కాలేదు. పైగా 102 మందిలో ఉండేవి ప్రతి జన్యువుకూ 204 ప్రతులే. ఒక అక్షరం ఆ 204లో ఒక్కసారి కూడా కనిపించలేదనుకుందాం. అప్పుడు కూడా అసలు జనాభాలో అది ఒకటిన్నర శాతం వరకు ఉండే అవకాశాన్ని గణాంకాలు తోసిపుచ్చవు. మూడును 204తో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. ఈ చిన్న లెక్కను పిల్లల చేత చేయిస్తే, సున్నా కనిపించిందంటే లేదని అర్థం కాదని వారికి బాగా తెలుస్తుంది.

జన్యు మార్పులు ఎంత తరచుగా ఉన్నాయో చూపే నోమ్యాడ్ డేటాబేస్ చాలా పెద్దది. 2023 నవంబరులో వచ్చిన నాలుగో విడతలో 8,07,162 మంది సమాచారం ఉంది, దక్షిణాసియా వారు 45 వేలకు పైగా ఉన్నారు. కానీ దక్షిణాసియా అన్న ఒకే గంపగుత్త పేరు కింద కులాలు, తెగలు, ప్రాంతాలు అన్నీ కలిసిపోతాయి. తమలో తామే వివాహాలు చేసుకునే సమూహాలు వేలల్లో ఉన్న మన దేశంలో సగటు చెప్పేది తక్కువ. వైశ్యుల ఉదాహరణ చూడండి. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ మందును విడగొట్టే ఎంజైము లోపానికి కారణమైన బీసీహెచ్‌ఈ జన్యువులోని ఒక మార్పు ఆ సమాజంలో మిగతావారికంటే చాలా ఎక్కువగా ఉందని ప్రచురితమైన అధ్యయనాలు చెబుతున్నాయి. దక్షిణాసియా సగటులో ఆ సంగతి దాదాపు కనిపించదు. యాదృచ్ఛికంగా అక్కడ కూడా మీ ఆరు, ఏడుల చిక్కే ఉంది: పాత వ్యాసాలలో అది 307వ స్థానం, కొత్త పద్ధతిలో 335వ స్థానం, ఎందుకంటే తయారయ్యేటప్పుడు ముందున్న 28 ఎమైనో ఆమ్లాలు తెగిపోతాయి.

భారతీయ సమాచారం కావాలంటే ఢిల్లీలోని ఐజీఐబీ సంస్థ నిర్వహించే ఇండిజీనోమ్స్‌లో 1,029 మంది సమాచారం ఉంది, జన్యువు పేరుతో వెతకవచ్చు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు సుమారు పది వేల మందిది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ కూడా అందులో భాగస్వామి. ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో ఉంచారు, 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు, కానీ దరఖాస్తు చేసుకుని అనుమతి పొందాలి. తరగతి గదిలో క్లిక్ చేసి చూసే వనరు కాదది.

తిరిగి అధ్యాపకురాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్లే చూశాను, ఏడు కోడాన్ల లెక్క చక్కగా కుదిరింది. రెండు కొత్త సందేహాలు వచ్చాయి. బీటా గ్లోబిన్ కోడింగ్ వరుసను యూసీఎస్‌సీలో, ఒక వరుస జీనోమ్‌లో ఎక్కడ ఉందో వెతికే బ్లాట్ పరికరంలో పెడితే ఒకే జవాబు వస్తుందనుకున్నాను, కానీ పక్కనే మరొక చోటు కూడా వచ్చింది. ఇంకొకటి, పుస్తకంలో గ్లోబిన్ జన్యువుల వరుస ఎప్సిలాన్‌తో మొదలై బీటాతో ముగుస్తుంది. బ్రౌజర్‌లో బీటా ఎడమ చివర ఉంది. అలాగే ఒక విద్యార్థి తన గ్రామంలో ఇచ్చిన సికిల్ సెల్ కార్డును చూపించి, దానిలోని ఫలితాన్ని ఈ డేటాబేస్‌లలో చూడవచ్చా అని అడిగాడు.

సమాధానం 3: బయోఇన్ఫర్మాటిక్స్ ఉద్యోగి, హైదరాబాద్

పక్కన వచ్చినది డెల్టా గ్లోబిన్ జన్యువు. పూర్వం ఒకే జన్యువు రెండు ప్రతులుగా మారగా ఏర్పడిన జంటలో అది ఒకటి. 146 ఎమైనో ఆమ్లాలలో బీటాకూ డెల్టాకూ తేడా ఉన్నవి పది మాత్రమే, కాబట్టి బ్లాట్ రెండింటినీ చూపడంలో వింత లేదు. వచ్చిన జవాబులలో సరిపోలిన శాతాన్ని చూడమనండి. నూటికి నూరు శాతం సరిపోలినదే బీటా. రోగనిర్ధారణ ప్రయోగశాలలలో ప్రైమర్లు (పరీక్షించాల్సిన చోటుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) తయారుచేసేవారు ఈ జంటను చూసే జాగ్రత్తపడతారు.

బీటా ఎడమ చివర కనిపించడానికి కారణం మళ్ళీ పోచే. ఈ కుటుంబమంతా ఎదురు పోచ మీద ఉంది. పుస్తకం జన్యువులు చదవబడే దిశలో బొమ్మ గీస్తుంది, బ్రౌజర్ క్రోమోజోమ్ అంకెల దిశలో గీస్తుంది. యూసీఎస్‌సీలో రివర్స్ అనే బటన్ నొక్కితే తెర మొత్తం తిరగబడి పుస్తకంలోని బొమ్మలా కనిపిస్తుంది. పిల్లల చేత ఆ బటన్ నొక్కించడం మరిచిపోకండి. అదే తెర మీద బీటా గ్లోబిన్‌లోని రెండు ఇంట్రాన్లను (ప్రోటీన్‌గా మారని భాగాలను) కూడా చూపించండి. మన దేశంలో బీటా థలసీమియాకు ఎక్కువగా కారణమయ్యే మార్పు మొదటి ఇంట్రాన్‌లో ఐదో బేస్ వద్ద జీ నుంచి సీకి జరిగేది. అది ప్రోటీన్ వరుసను మాత్రమే చూసేవారికి కనిపించదు.

విద్యార్థులలో ఎవరైనా ఫైళ్ళు దింపుకుని ఎక్సెల్‌లో తెరిస్తే మరో తేడా ఎదురవుతుంది. బెడ్ అనే రకం ఫైళ్ళలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మన స్థానం అక్కడ 52,27,001 నుంచి 52,27,002 వరకు అని రాసి ఉంటుంది.

సమాధానం 4: జనాభా జన్యుశాస్త్ర పరిశోధకురాలు

కార్డు విషయం నేను చెబుతాను. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గ్రామాలలో చేసే పరీక్షలు చాలా వరకు హీమోగ్లోబిన్ ప్రోటీన్‌ను పరీక్షించేవి. మొదట సాల్యుబిలిటీ పరీక్ష, అనుమానం ఉంటే హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ వంటిది చేస్తారు. ఆ అబ్బాయి డీఎన్‌ఏను ఎవరూ చదవలేదు, ఏ జీనోమ్ డేటాబేస్‌లోనూ పెట్టలేదు; కాబట్టి వెతికినా దొరకదు. కార్డు మీద ఏఎస్ (ఒక మామూలు ప్రతి, ఒక సికిల్ ప్రతి ఉన్న క్యారియర్) అని ఉంటే, ఒక ప్రతిలో సీటీసీ, మరో ప్రతిలో సీఏసీ ఉందని తెర మీద చూపి వివరించవచ్చు, అంతవరకే. ఎవరి కార్డులో ఏముందో తరగతిలో అడగకపోవడం మంచిది. క్యారియర్ అన్న మాట బయటికి వస్తే ఆ పిల్లల పెళ్ళి సంబంధాల మీద పడుతుంది, ముఖ్యంగా ఆడపిల్లల మీద. అభ్యాసానికి 1000 జీనోమ్స్ నమూనాలు ఉన్నాయి. వాటిని ఇచ్చినవారు బహిరంగంగా ఉంచడానికి ఒప్పుకున్నారు, వారి పేర్లు గానీ ఆరోగ్య వివరాలు గానీ అందులో లేవు.

ల్యాబ్‌లో ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటే, జపాన్‌లోని రికెన్ సంస్థ నడిపే యూసీఎస్‌సీ ఆసియా ప్రతిని వాడండి. మీ దగ్గర సరిచూసుకున్న తెరను సెషన్‌గా భద్రపరిచి ఆ లంకెను విద్యార్థులకు ఇస్తే, అందరి కంప్యూటర్లలోనూ జీఆర్‌సీహెచ్ 38తోనే, ఒకే చోట తెర తెరుచుకుంటుంది.