ఓబీడీ పోర్ట్‌లో పెట్టే 400 రూపాయల చిప్‌తో పికప్ పెరుగుతుందా?

ప్రశ్న (కోరాపుట్ నుంచి):
అన్నలూ, నాది పాత పెట్రోల్ ఆల్టో. విజయనగరంలో మా అత్తగారింటి నుంచి వచ్చేటప్పుడు సాలూరు దాటి సుంకి ఘాట్ మొదలైతే చాలు, నలుగురం ఉంటే ఏసీ ఆపాల్సిందే. ఆన్‌లైన్‌లో 400కి ఒక చిప్ ఉంది, ఓబీడీ పోర్ట్‌లో (మెకానిక్‌లు స్కానర్ తగిలించే సాకెట్) పెడితే పవర్ 35 శాతం పెరుగుతుందట. కొనమంటారా?

జయపురం మెకానిక్:
వద్దు తమ్ముడూ. అలాంటిదొకటి మా షెడ్డులో విప్పి చూశాను. ఈ కాలపు బండ్లలో ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడాలంటే పోర్ట్‌లో 6, 14 పిన్నులకి వచ్చే క్యాన్ లైన్లు (బండిలోని కంప్యూటర్లు సందేశాలు పంపుకునే వైర్లు) వాడుకోవాలి, అందుకు ట్రాన్స్‌సీవర్ అనే చిన్న ఐసీ ఉండాలి. దాంట్లో ఆ ఐసీయే లేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 16వ పిన్ను నుంచి బ్యాటరీ కరెంటు తీసుకుని లైట్లు మిణుకుమనిపిస్తోంది, అంతే! 200 కిలోమీటర్లు నడిపితే చిప్ నేర్చుకుంటుందని రాస్తారు. ఈలోగా మారేది చిప్ కాదు, యాక్సిలరేటర్ తొక్కే డ్రైవర్ కాలు.

కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చన, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) లేని ఇంజిన్‌కి సుమారు 8 శాతం బలం తగ్గుతుంది. ఏ చిప్పూ దాన్ని తిరిగి తేలేదు.

గుణుపూర్ నుంచి:
అన్నీ మోసమంటే ఒప్పుకోను. మా డీజిల్ బండికి ట్యూనింగ్ బాక్స్ పెట్టించాం, లాగుడు బాగా తెలుస్తోంది.

జయపురం మెకానిక్:
నిజమే అన్నా, అది వేరే సంగతి. మీ బాక్స్ రైల్ ప్రెజర్‌ని (ఇంజెక్టర్లకి డీజిల్ వెళ్లే పైపులోని ఒత్తిడి) తక్కువగా చూపిస్తుంది, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ప్రెజర్ పెంచి డీజిల్ ఎక్కువ పోస్తుంది. టర్బో ఉంది కాబట్టి పవర్ వస్తుంది. మీటర్లో కనిపించే మైలేజీని మాత్రం నమ్మకండి, ఎక్కువ పోస్తున్న సంగతి ఈసీయూకే తెలియదు. ట్యాంక్ నింపి లెక్కేసుకోండి. ఇంజెక్టర్ల మీద, క్లచ్ మీద భారం పడుతుంది, నల్లపొగ కూడా చూసుకోవాలి. వారంటీ ఉన్న బండికైతే నేను బిగించను.

కోరాపుట్ నుంచి:
మరి నా ఆల్టోకి ఏం చేయమంటారు?

జయపురం మెకానిక్:
ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకి అడ్డంగా పట్టి చూడు. మన ఎర్రదుమ్ముకి మడతలు పూడుకుపోయి ఉంటే వెలుతురు రాదు. కొత్తది ఆ చిప్ ధరలోనే వస్తుంది. తర్వాత ప్లగ్గులు, టైర్లలో గాలి. ఘాట్‌లో థర్డ్‌లో లాగించకుండా ముందే సెకండ్‌కి దిగు. ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తూ స్పీడ్ మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. బండి తీసుకురా, చూస్తాను.