వాడిన రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డికోత బండి) వేడెక్కితే వాలు ఎక్కట్లేదు, గేర్‌బాక్స్ పోయినట్టేనా?

పెరటిపని:
మేము రాలీ దగ్గర ఉంటాం, నార్త్ కరోలినా. ముప్పావు ఎకరం, వెనక సగం వాలు. రెండు నెలల కింద ఓ పాత రైడింగ్ మోవర్ 600 డాలర్లకు కొన్నాను. హైడ్రోస్టాటిక్, అంటే గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పే రకం, పెడల్ తొక్కితే పోతుంది. మొదటి 20 నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత వాలు మీద మూలుగుతూ నెమ్మదించి, చివరికి పెడల్ పూర్తిగా తొక్కినా కదలదు. ఇంజన్, బ్లేడ్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. అరగంట చల్లారితే మళ్లీ మామూలే. నిన్న నేనూ మా ఆవిడా తోసుకొచ్చాం, పక్కింటాయన కాఫీ కప్పుతో చూస్తూ నిలబడ్డాడు. షాపులో గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు, చెప్పిన రేటు బండి ధరకన్నా ఎక్కువ.

గ్రీజుచేతులు:
తోసుకొచ్చారంటే బండిని చేత్తో తోయడానికి డ్రైవ్ వదిలించే వెనక బైపాస్ కడ్డీ లాగి ఉంటారు కదా, దాన్ని మళ్లీ డ్రైవ్ వైపు పూర్తిగా పెట్టారో లేదో ముందు చూడండి. సగంలో ఉంటే ఎంత తొక్కినా సత్తా ఉండదు. తర్వాత ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌ని తిప్పే బెల్టు. ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, కింద చూడండి, బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, దాన్ని బిగువుగా పట్టే ఐడ్లర్ పుల్లీ స్ప్రింగు సాగిపోయినా జారుతుంది. షాపువాళ్లకి బెల్టు మారిస్తే ఏం మిగులుతుంది చెప్పండి.

టెక్సాస్ మామ:
బెల్టు జారితే రబ్బరు కాలిన వాసన, కీచుమనే శబ్దం వస్తాయి. ఈయన మూలుగు అంటున్నారు, వేడెక్కాకే అంటున్నారు. హైడ్రోలో ఆయిల్ పలచబడితే ఇలాగే ఉంటుంది. తేల్చుకోవాలంటే, వేడెక్కాక బ్లేడ్లు ఆపి, చదునులో ముందు బంపర్ చెట్టుకు ఆనించి మెల్లగా పెడల్ తొక్కండి, ఇంకొకరు పక్కన దూరంగా నిలబడి హైడ్రో మీది పుల్లీ చూడాలి. పుల్లీ గట్టిగా తిరుగుతూ చక్రాలు కదలకపోతే తప్పు లోపలే. పుల్లీయే తడబడితే బెల్టు. చక్రాలు గడ్డి పెరికేస్తే హైడ్రోకి ఇంకా ప్రాణం ఉన్నట్టు. అన్నట్టు, ఒక చక్రమే తిరగకపోతే ఇరుసు మీద చిన్న చదరపు కీ (చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే ఇనుప ముక్క) విరిగిందేమో చూడండి, దానికి గేర్‌బాక్స్ మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

పెరటిపని:
శనివారం పని పెట్టుకున్నాను. కడ్డీ సరిగానే ఉంది. పుల్లీ తిరుగుతోంది, చక్రాలు బద్ధకంగా. పుల్లీ మీది ప్లాస్టిక్ ఫ్యాన్ చుట్టూ ఎండుగడ్డి పిచ్చుకగూడులా ముద్ద కట్టి ఉంది, రెండు రెక్కలు లేవు. గడ్డి తీసి, ఫ్యాన్ మార్చాను. ఇప్పుడు 40 నిమిషాలు నడిచింది, ఆఖర్న వాలు మీద కాస్త నీరసించింది, కానీ ఆగలేదు.

టెక్సాస్ మామ:
అయితే ఆయిలూ మార్చండి బాబూ. చాలావాటికి డ్రెయిన్ ప్లగ్ ఉండదు, బండి నుంచి విప్పి బోర్లించి వంపాలి. మీ మోడల్‌కి చెప్పిన ఆయిలే పోయండి. తర్వాత వెనక చక్రాలు పైకెత్తి స్టాండ్ల మీద పెట్టి, బైపాస్ తెరిచి ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు నడపండి, తర్వాత బైపాస్ మూసి మళ్లీ అలాగే నడపండి, లోపలి గాలి పోతుంది. ఒక పూట పడుతుంది, వాన లేని రోజు చూసుకోండి.