లైప్‌జిగ్ నినాదానికి తెలుగు: మేమా, మనమా?

ప్రశ్న:
మా బడి పిల్లల కోసం రెండు జర్మనీల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. 1989లో తూర్పు జర్మనీ జనం ఇచ్చిన “వీర్ జింట్ డాస్ ఫోల్క్”, తర్వాత వచ్చిన “వీర్ జింట్ ఐన్ ఫోల్క్”. వీటిని “మనమే ప్రజలం”, “మనం ఒకే ప్రజలం” అంటే సరిపోతుందా?

జవాబు:
రెండోది ఫర్వాలేదు మాస్టారూ, మొదటిది మాత్రం కుదరదు. ‘మనం’ అంటే ఎదుటివాణ్ణీ కలుపుకున్నట్టే. అక్టోబరు 9న తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగర వీధుల్లో సుమారు 70 వేల మంది ఆ మాట అన్నది సర్కారుని నిలదీస్తూ. ఆ దేశంలో పార్లమెంటు పేరు ప్రజా సభ, పోలీసులు ప్రజా పోలీసులు, ఫ్యాక్టరీలు ప్రజల సొత్తు. ఇన్నిటికి తగిలించిన ఆ ‘ప్రజలు’ ఎవరయ్యా అంటే, “మేమే”! అందుకని “ప్రజలం మేమే” అనండి.

నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకున్నాక ఆ కేక పశ్చిమ జర్మనీ వైపు తిరిగింది. అక్కడ ‘మనం’ రావాల్సిందే. ‘ఒకే జాతి’ అని మాత్రం రాయకండి, నాజీల “ఒకే జాతి, ఒకే రాజ్యం, ఒకే నాయకుడు” గుర్తొస్తుంది. ‘ఒకే జనం’ మేలు.

ఇంకొకరు:
చిన్న సవరణ. “ఐన్ ఫోల్క్” గోడ కంటే ముందుదే. అక్టోబరు 9నే లైప్‌జిగ్‌లో ఉద్యమ బృందాలు పంచిన కరపత్రంలో ఉంది. జూన్‌లో బీజింగ్‌లో నిరసనకారుల మీద జరిగిన కాల్పులు ఇంకా కళ్ళముందున్న రోజులు, ఊరంతా టెన్షన్. మనం ఒకే జనం, మనలో మనం కొట్టుకుంటే ఎప్పటికీ నెత్తురోడే గాయాలే మిగులుతాయని పోలీసులకీ ప్రదర్శకులకీ కలిపి చెప్పారు. పశ్చిమ జర్మనీ ఊసే లేదు. అయినా ‘మనమే’.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి ఆ జోకు? “వీర్ జింట్ ఐన్ ఫోల్క్” అని తూర్పువాడంటే, పశ్చిమవాడు “మేమూనూ” అన్నాడట. జర్మన్ ‘వీర్’ మేమూ అవుతుంది, మనమూ అవుతుంది; తెలుగులో ‘మనం’ పెడితే జోకు చచ్చిపోతోంది.

జవాబు:
1990 జులైలో పశ్చిమ జర్మనీ కరెన్సీ మార్కు వచ్చి, తూర్పు ఫ్యాక్టరీలు మూతపడుతుంటే ఆ జోకు బాగానే గుచ్చుకుని ఉంటుంది. అక్టోబరు 3న రెండు జర్మనీలు కలిసిన తీరూ అలాంటిదే: ఇద్దరూ కూర్చుని కొత్త రాజ్యాంగం రాసుకోలేదు, తూర్పు వెళ్ళి పశ్చిమ రాజ్యాంగం కింద చేరింది.

తెలుగులో సర్వనామం ఎగ్గొట్టండి. ‘వాళ్ళం’లోని ‘ం’ ‘మేము’కీ ‘మనం’కీ ఒకటేగా:
“ఒకే దేశంవాళ్ళం కదండీ!”
“ఆఁ, మేమూ అంతే.”