జోడీ పోయిన కుందేలుకు కొత్త తోడు: ఇప్పుడేనా, ఆగాలా, అసలు వద్దా?

చెవులపిల్లి: జోడీలో మగది చనిపోయి తొమ్మిది రోజులైంది. మిగిలింది ఏడేళ్ళ ఆడది, స్టెరిలైజేషన్ ఎప్పుడో అయిపోయింది. ఎండుగడ్డి తింటోంది గానీ ఇదివరకటంత కాదు, పెల్లెట్లు (గుళికల మేత) సగం వదిలేస్తోంది. వెంటనే ఇంకోదాన్ని తెమ్మని కొందరు, ఆగమని కొందరు. ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి.

బొరియ: ఆగడం దేనికండీ? కుందేలు గుంపులో బతికే జీవి. మనిషి ఎంత ముద్దుచేసినా, తెల్లవారుజామున పక్కన పడుకుని నుదురు నాకే పని చెయ్యలేడు కదా. తోడు తేవడమే మందు. అయితే ఇవాళ్టి నుంచే రెండు పనులు మొదలుపెట్టండి. ఒకటి, రోజూ ఒకే వేళకు తూచి గ్రాముల్లో రాసుకోండి. రెండోది, పెంటికలు చూడండి. గుండ్రంగా, ఒకే సైజులో, లోపల గడ్డి పీచు కనిపిస్తూ ఉండాలి. చిన్నవైపోతున్నా, వెంట్రుకతో దండలా గుచ్చుకుని వస్తున్నా పేగులు నెమ్మదిస్తున్నట్టు. పన్నెండు గంటలు ఏమీ ముట్టకపోతే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, అప్పటికప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. దిగులు నేరుగా చంపదు, దిగులుతో తిండి మానేస్తే ఆగిపోయే పేగులు చంపుతాయి.

పిడికెడు_మేత: పిల్ల కుందేలును తెండి, పెద్దవి పిల్లల్ని తొందరగా ఒప్పుకుంటాయి.

ఎండుగడ్డి: ఒప్పుకుంటాయి, నాలుగో నెల దాకా! ఆ తర్వాత పిల్లకి హార్మోన్లు వస్తాయి, మీదికెక్కడం, తరమడం మొదలవుతుంది, అంతవరకూ ఉన్న స్నేహం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. ఏడేళ్ళదానికి కీళ్ళు పట్టేసి ఉంటే గెంతే పిల్లతో వేగలేదు కూడా.

అది పక్కన పెట్టండి. మగది దేనితో చనిపోయిందో ఎవరూ అడగలేదేం? కుందేళ్ళ రక్తస్రావ వ్యాధి, అంటే ఆర్‌హెచ్‌డీ అయితే, ఆ వైరస్ బోనులో, చెక్కలో నెలల తరబడి బతుకుతుంది. 2010లో ఫ్రాన్స్‌లో బయటపడిన రెండో రకం కుందేలు పిల్లల్ని కూడా వదలదు. మామూలు సబ్బుకి అది చావదు. ముందు మూత్రపు మరకలు పూర్తిగా కడిగెయ్యాలి, ఎందుకంటే మురికి మీద బ్లీచ్ పనిచెయ్యదు, పైగా మూత్రంతో కలిస్తే ఘాటు వాయువు వస్తుంది. ఆ తర్వాత ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి 10 నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. చెక్క, గుడ్డ, అట్ట సామాను పారెయ్యడమే. మెడ ఒక పక్కకి వాలిపోయో, వెనక కాళ్ళు చచ్చుబడో పోతే ఈ.క్యునిక్యులి అనే పరాన్నజీవిని అనుమానించాలి. అది మూత్రంలోంచి అంటుకుంటుంది. మీ ఆడదానికి రక్తపరీక్ష చేయించండి. డాక్టర్ మందు అవసరమంటే సాధారణంగా 28 రోజులు ఫెన్‌బెండజోల్ ఇస్తారు. ఇవన్నీ తేలకుండా కొత్తదాన్ని తేవడం దాన్ని బలిపెట్టడమే.

చెవులపిల్లి: పోస్ట్‌మార్టం చేశారు. కాలేయంలో గడ్డ, అంటువ్యాధి కాదన్నారు.

బొరియ: ఇంకేం, దారి తేలికైంది. స్టెరిలైజ్ అయిన మగదాన్ని చూడండి. ఆడ, మగ రెండిటికీ ఆపరేషన్ అయిన జోడీయే అన్నిటికంటే సులువుగా కలుస్తుంది. ఆడ, ఆడ జత కూడా కుదరొచ్చు గానీ, మొదటిసారి ప్రయత్నించేవాళ్ళకి చెప్పను. మగదానికి ఆపరేషన్ కొత్తగా అయితే ఆరు వారాలు ఆగాలి. మీ ఆడది ఈనే ప్రశ్న లేదు గానీ, హార్మోన్లు దిగడానికీ ఆ గడువు కావాలి. తెచ్చాక వేరే గదిలో 14 రోజులు. ఆ రెండు వారాలూ వృథా కాకుండా, దాని కింద పరిచిన గుడ్డ దీనికి, దీనిది దానికి మార్చుతూ ఉంటే వాసన అలవాటైపోతుంది.

ఎండుగడ్డి: గుడ్డలు మార్చేస్తే ఇక అది క్వారంటైన్ ఎలా అవుతుంది? పేలు, చర్మపు పురుగు, ఈ.క్యునిక్యులి బీజాలు అన్నీ ఆ గుడ్డ మీదే కదా వెళ్ళేది.

బొరియ: వాసన మార్పిడి అన్నాను, మూత్రపు ట్రే అనలేదు. మొహం తుడిచిన గుడ్డ చాలు.

ఎండుగడ్డి: "కింద పరిచిన గుడ్డ" అనే రాశారు. పైకి వెళ్ళి చదువుకోండి.

మూడో_కాలు: తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే సామెత ఈ థ్రెడ్ కోసమే పుట్టినట్టుంది.

జాలీపెన్ను: ఆమెకి పని ఎలా చెయ్యాలో చెప్పేవాళ్ళు లేరా? 14 రోజులయ్యాక రెండు పెన్నులు, అంటే జాలీ దొడ్లు, పక్కపక్కన పెట్టండి, మధ్యలో ఓ బెత్తెడు ఖాళీ వదలండి. ఒకే జాలీకి అటూ ఇటూ పెడితే ముక్కులు, కాలివేళ్ళు కొరుక్కుంటాయి. అలా పెట్టాక రోజు విడిచి రోజు ఒకదాని పెన్నులోకి ఇంకోదాన్ని మార్చండి, ట్రే కడక్కుండానే. జాలీ దగ్గరికి వచ్చి రెండూ ఒళ్ళు చాపి పడుకుంటున్నాయంటే కలపొచ్చు.

కలిపే చోటు రెండిటికీ కొత్తదై ఉండాలి. స్నానాల గది గానీ, వాటిని ఎన్నడూ వదలని గది మూల గానీ. నేల జారకుండా దుప్పటి పరవండి. మరీ పెద్ద చోటిస్తే తరుముకుంటాయి. నడుమ గడ్డి కుప్ప ఒకటి చాలు. గూడు పెడితే రెండు వైపులా దారి ఉండాలి, ఒకటే దారైతే ఒకటి లోపల ఇరుక్కుంటుంది. మొదట 10 నిమిషాలు, గొడవ లేనప్పుడే ముగించండి.

మీదికెక్కడం, కాస్త బొచ్చు పీకడం మామూలే, 20 సెకన్లు చూసి దింపండి. తలవైపు నుంచి ఎక్కితే మాత్రం ఆ క్షణమే దింపండి, కిందిది పైదాని మర్మాంగం కొరికేస్తుంది. తోకలు లేచి, చెవులు వీపుకంటుకుని, ఒకదాని తోకకి ఇంకోటి మూతి పెట్టి గిర్రున తిరుగుతున్నాయంటే పోట్లాట మొదలైనట్టే. దళసరి అట్ట మధ్యలోకి దించండి, ఉత్త చెయ్యి పెట్టకండి. ఆ తర్వాత బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి మెడ, నడుము, తొడల లోపల తడమండి. కుందేలు పంటిగాటు పైకి కనపడదు, పక్కు గరుకుగా వేలికి తగులుతుంది. వదిలేస్తే లోపల చీము గడ్డ కడుతుంది.

తోక_దూది: ఇంత అక్కర్లేదు. రెంటినీ ఒకే బుట్టలో పెట్టి కారులో అరగంట తిప్పండి, భయంతో అతుక్కుపోతాయి.

ఎండుగడ్డి: అతుక్కునేది భయంతో బిగుసుకుపోయి. దాన్ని స్నేహం అనుకుంటున్నారు. దిగాక ఆ భయమే కోపంగా పక్కదాని మీదికి తిరుగుతుంది. తిండి తగ్గిన ఏడేళ్ళదాన్ని అలా బెదిరిస్తే పేగులు ఆగడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

బొరియ: మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను. కానీ చూడండి, ఇన్ని పోస్టుల్లో మీరు తోడు "తేవచ్చు" అని ఒక్కసారి కూడా అనలేదు. పోయిన నెల థ్రెడ్‌లోనూ ఇంతే. ఒక కారణం తీరిస్తే ఇంకోటి తెస్తారు. ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఆ కుందేలు ఒంటరిగా చిక్కిపోవాలా?

ఎండుగడ్డి: సరే, సూటిగా చెప్తాను. కొత్తది మూడేళ్ళదనుకుందాం. ఆడది ఇంకో రెండుమూడేళ్ళకి పోతుంది. అప్పుడు ఈ మగది ఒంటరి, దానికి మళ్ళీ ఓ తోడు, అది పోతే ఇంకోటి. కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుంది. ఈ గొలుసు ఎక్కడ తెగుతుందో మీలో ఒక్కరూ చెప్పరు. క్వారంటైన్ గురించి, గుడ్డల గురించి గంటలు వాదిస్తారు. పెంచడం ఆపాలనుకునే మనిషికి ఇక్కడ సమాధానమే ఉండదు, నేరం చేస్తున్నట్టు చూస్తారు.

చెవులపిల్లి: ఎండుగడ్డి గారు నా మనసులోదే అన్నారు. అడగడానికి మొహమాటపడ్డాను. దీని తర్వాత ఇక పెంచగల ఓపిక నాకు లేదు. అందుకే వెనకాడుతున్నాను.

బొరియ: ఆ మాట ముందే అనుంటే సగం గొడవ ఉండేది కాదండీ. ఇందులో నేరమేమీ లేదు. కానీ మీ ఓపిక అయిపోయిందని దాని ఆఖరి రెండేళ్ళు ఒంటరిగా గడవాలనడం న్యాయమా?

ఎండుగడ్డి: రోజుకి నాలుగైదు గంటలు నేల మీద కూర్చుని దానితో గడిపే మనిషుంటే గడవొచ్చు. కొన్ని తట్టుకుంటాయి.

బొరియ: కొన్ని. ఇది తట్టుకునే రకమో కాదో ముందు తెలుసుకునేదెలా?

జాలీపెన్ను: మధ్యే దారి ఉంది. కుందేళ్ళని చేరదీసే కొన్ని చోట్ల ఫోస్టర్ పద్ధతిలో, అంటే కొన్నాళ్ళు పెంచి వెనక్కి ఇచ్చేలా, ఇస్తారు. ఆరేడేళ్ళ మగదాన్ని, ఆపరేషన్ అయినదాన్ని, టీకాలు పడ్డదాన్ని అడగండి. ముసలివాటిని అడిగేవాళ్ళే తక్కువ. "నా ఆడది పోతే దీన్ని వెనక్కి తీసుకుంటారు" అని కాగితం మీద రాయించుకోండి. గొలుసు అక్కడ తెగుతుంది. కుందేలునే వెంట తీసుకెళ్ళి రెండుమూడు మగవాటితో అక్కడే కలిపి చూడనిచ్చే చోట్లూ ఉన్నాయి. జోడీని అదే ఎంచుకుంటుంది, మీకు అన్నిటికంటే కష్టమైన వారం తప్పుతుంది. రెండో దారి, దీన్నే ఒంటరి మగది ఉన్న ఇంటికి ఇవ్వడం. ఏడేళ్ళ ఆడదానికి ఇల్లూ తోడూ ఒకేసారి మారడం బరువు, నేనైతే ఆఖరికి పెట్టుకుంటాను.

పిడికెడు_మేత: గినీపిగ్ పెడితే?

ఎండుగడ్డి: వద్దు. గినీపిగ్‌కి విటమిన్ సి మేతలోంచే రావాలి, కుందేలు తయారు చేసుకుంటుంది, మేతే వేరు. కుందేలుకి ఏ ఇబ్బందీ పెట్టని బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా గినీపిగ్‌కి న్యుమోనియా తెస్తుంది. వెనక కాలితో ఒక్క తన్ను తంతే దాని నడుం విరుగుతుంది.

బొరియ: ఇదీ ఒప్పుకుంటాను. చెవులపిల్లి గారూ, ఫోస్టర్ అయినా 14 రోజుల వేరు గది తప్పదు. కలిశాక 48 గంటలు తరుముళ్ళు లేకుండా, ఒకే కుప్ప మీద తింటూ, ఒకదాన్నొకటి నాకుతూ ఉంటేనే రాత్రి కాపలా లేకుండా కలిపి వదలండి. ఒకదాన్నొకటి పట్టించుకోకుండా తింటున్నా మంచి లక్షణమే, తొందరపడి విడదీయొద్దు. తర్వాత ఒకదానికి జబ్బు చేసినా డాక్టర్ దగ్గరికి రెంటినీ కలిపే తీసుకెళ్ళండి. ఒకటే వెళ్ళొస్తే ఆస్పత్రి వాసనకి రెండోది గుర్తుపట్టక మీద పడొచ్చు.

ఎండుగడ్డి: క్వారంటైన్‌లో గుడ్డ మాత్రం మార్చకండి.

బొరియ: మొహం తుడిచినది మార్చొచ్చు.

చెవులపిల్లి: ఫోస్టర్ కోసం అడిగాను, ఆరేళ్ళ మగది ఒకటి ఉందట. రేపు ఆడదాన్ని తీసుకెళ్తున్నాను. ఇవాళ పెల్లెట్లు మొత్తం తింది. కానీ బరువు నిన్నటికంటే 20 గ్రాములు తక్కువ చూపిస్తోంది.

బొరియ: 20 గ్రాములు మూత్రం తేడా కావచ్చు, కంగారు పడకండి.

ఎండుగడ్డి: కావచ్చు. తూచేముందు ట్రేకి వెళ్ళిందా లేదా అన్నది పక్కన రాసుకోండి, అప్పుడు తెలుస్తుంది.