ఆబర్న్ మ్యూజియంలోని పాత కార్లను నడపాలా, నిలిపి ఉంచాలా?

వాహనప్రియుడు:
అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఆబర్న్ అనే చిన్న ఊరుంది. అక్కడి ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ మ్యూజియాన్ని ఈ వేసవిలో మా అబ్బాయితో కలిసి చూసి వచ్చాను. ఆ పేరులోని మూడూ ఒకప్పటి అమెరికా కార్ల పేర్లు. ఆబర్న్ కార్ల కంపెనీ 1930లో కట్టుకున్న కార్యాలయ భవనంలోనే 1974 నుంచి ఈ మ్యూజియం నడుస్తోంది. అందువల్ల, ఒకప్పుడు కొత్త కార్లను కొనడానికి వచ్చినవారు నిలబడి చూసిన షోరూంలోనే మనమూ నిలబడి చూస్తాం. నేను చూసిన మ్యూజియాలలో ఇంత సహజంగా అమరిన చోటు మరొకటి లేదు.

అయినా 1936 నాటి కార్డ్ 810 దగ్గర నాకు వెలితి తోచింది. దాని హెడ్‌లైట్లు ముందు మడ్‌గార్డులలో దాగి ఉంటాయి. డాష్‌బోర్డుకు రెండు కొసలా ఉన్న పిడులను చేత్తో తిప్పితే పైకి లేస్తాయి. స్టీరింగు పక్కనున్న చిన్న మీటతో ముందుగా గేరు ఎంచుకుని, ఆ తర్వాత క్లచ్ తొక్కితేనే గేరు మారుతుంది. ఈ పనితనమంతా కదలికలోనే ఉన్నప్పుడు, కదలని కారును చూపిస్తే సందర్శకుడికి అందేది దాని ఒంపుసొంపులు మాత్రమే. పైగా ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ట్యాంకులో పెట్రోలు జిగురుగా మారుతుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, టైర్లు ఒకేచోట నొక్కుకుపోతాయి. కాబట్టి కొన్నింటినైనా క్రమం తప్పకుండా నడపాలని నా అభిప్రాయం.

షెడ్డుమనిషి:
మీ ఆవేదన అర్థమైంది కానీ, ఏకీభవించలేనండి. ముప్పై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నవాడిగా చెబుతున్నాను: నడిచే బండిలో అరుగుదల ఆగదు. ఆ మూడు పేర్ల కార్ల తయారీ 1937 నాటికే ఆగిపోయింది. డ్యూసెన్‌బర్గ్ జె రకం కార్లయితే మొత్తం తయారైనవే ఐదు వందల లోపు. ఒక బేరింగు పోతే కొత్తది చేయించవచ్చు, బండి మళ్లీ నడుస్తుంది కూడా. అయితే నాటి పనివాడు ఆ లోహాన్ని ఎలా పోశాడో, ఎంత సన్నగా చెక్కాడో చెప్పే సాక్ష్యం పాత ముక్కతోనే పోతుంది. పెట్రోలు, టైర్ల సంగతికి వస్తే, ట్యాంకు ఖాళీ చేసి, బండిని స్టాండ్ల మీద ఎత్తి నిలిపితే సరిపోతుంది, అందుకోసం రోడ్డెక్కించనక్కరలేదు.

వాహనప్రియుడు:
ట్యాంకు, స్టాండ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నానండి. అయితే ఏ కారుకైనా ఒకటే నియమం పెట్టడం దగ్గరే నాకు అభ్యంతరం. ఫ్యాక్టరీ రంగూ, తొలినాటి సీటు తొడుగులూ చెక్కుచెదరని కారు మీరన్నట్టు సాక్ష్యమే. దాన్ని ఎవరూ తాకకూడదు. ఇదివరకే విప్పదీసి, రంగు వేసి, సగం భాగాలు మార్చిన కారులో ఆ సాక్ష్యం ఎప్పుడో పలచబడింది కదా! అటువంటిదాన్ని నడపడానికి వెనుకాడడం ఎందుకు? ఏటా అమెరికా లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారాంతంలో జరిగే ఉత్సవంలో యజమానులు ఇవే రకాల కార్లను ఆ ఊరి వీధుల్లో ఊరేగింపుగా నడుపుతారు.

షెడ్డుమనిషి:
ఆ తేడా న్యాయమైనదే. అలాంటి కారును నడిపితే, తీసిన ప్రతి పాత భాగాన్నీ చీటీ కట్టి భద్రపరచాలన్నది నా షరతు. కార్డ్ గేరుపెట్టె విషయానికైతే, కోసి లోపలి భాగాలు కనిపించేలా అమర్చిన నమూనాను కారు పక్కన పెడితే, మీ అబ్బాయి మీటను స్వయంగా కదిపి చూడవచ్చు.