డీకార్బనైజింగ్ కెమికల్ నిజంగా పనిచేస్తుందా? పెట్రోల్ కారు, 70 వేల కిలోమీటర్లు

ఎల్బీనగర్_డ్రైవర్:
అందరికీ నమస్తే. నాది 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, టర్బో లేదు, 70 వేలు దాటింది, రోజూ ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీ దాకా ట్రాఫిక్‌లోనే తిరుగుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే బండి వణుకుతోంది, ఏసీ వేస్తే పికప్ ఉండట్లేదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పై గేర్‌లో లాగిస్తే ఇంజిన్‌లో టకటకమని శబ్దం వస్తోంది. సర్వీస్‌కి ఇస్తే ఏమీ విప్పి చూడకుండానే "కార్బన్ పట్టింది సార్" అని త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) క్లీనింగ్, కెమికల్ డీకార్బనైజింగ్ (కెమికల్‌తో లోపలి కార్బన్ తీయడం), ఇంజిన్ ఫ్లష్ (పాత ఆయిల్‌లో కెమికల్ కలిపి లోపల కడగడం) మూడూ కలిపి ప్యాకేజీ చెప్పారు. పెట్రోల్ ట్యాంకులో ఒక క్లీనర్ బాటిల్ పోస్తే చాలని మా బావగారు అంటున్నారు. వీడియోల్లో అయితే వాక్యూమ్ పైపు నుంచి నీళ్లు, కిరోసిన్ కూడా పంపిస్తున్నారు. ఖర్చు కంటే ఇంజిన్ పాడవుతుందేమోనన్న టెన్షనే ఎక్కువగా ఉంది.

నెల్లూరు_మెకానిక్:
అన్నా, ముందు స్కానర్ పెట్టించి ఎర్రర్ కోడ్స్ ఏమున్నాయో చూడండి, స్పార్క్ ప్లగ్‌లు ఊడదీసి చూపించమనండి. మామూలు నికెల్ ప్లగ్‌లైతే 30, 40 వేల కిలోమీటర్లకే మార్చాలి, మీ బండికి ఎప్పుడు మార్చారో బిల్లులు చూడండి. అరిగిన ప్లగ్‌తోనూ ఇలాగే వణుకుతుంది, దానికి ఎంత కెమికల్ వాడినా డబ్బు దండగే.

ఆ ప్యాకేజీలో త్రాటిల్ బాడీ క్లీనింగ్ ఒక్కటే కళ్లతో చూసి నిర్ణయించుకోగల పని. ఎయిర్ ఫిల్టర్ పైపు ఊడదీస్తే బటర్‌ఫ్లై (గాలి దారిలో తెరుచుకుని మూసుకునే గుండ్రటి రేకు) అంచున నల్లటి జిడ్డు కనిపిస్తుంది. క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి, లోపలికి ధారగా కొట్టకూడదు. ఎలక్ట్రానిక్ త్రాటిల్ అయితే రేకుని వేలితో బలవంతంగా తోయకండి, లోపలి గేర్లు దెబ్బతినొచ్చు. అదే స్ప్రే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) మీద అసలు కొట్టకండి, దానికి వేరే క్లీనర్ దొరుకుతుంది. అయ్యాక ఐడిల్ రీలెర్న్ (ఐడిల్ స్పీడ్‌ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించడం) చేయించండి, లేకపోతే ఆర్‌పీఎం ఎగుడుదిగుడుగా ఉండి కొత్త కంప్లైంట్ మొదలవుతుంది.

పిస్టన్_వైజాగ్:
పైన మెకానిక్ గారు చెప్పింది కరెక్ట్. బాటిల్ సంగతి నేను చెప్తాను. మీది ఎంపీఎఫ్ఐ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) ఇంజిన్ అయితే ఇంజెక్టర్ పెట్రోల్‌ని ఇన్‌టేక్ వాల్వ్ వెనక చల్లుతుంది, కాబట్టి ట్యాంకులో కలిపిన క్లీనర్ పెట్రోల్‌తో పాటు ఆ వాల్వ్‌ని కడుగుతూ లోపలికి వెళ్తుంది. డబ్బా మీద పాలీఈథర్ అమీన్, అంటే పీఈఏ, ఉందో లేదో చూసి కొనండి, ఇంజెక్టర్ల మీదా కంబశ్చన్ ఛాంబర్‌లోనూ పేరుకున్నదాన్ని కరిగించడంలో దానికి మంచి పేరుంది. మీరు చెప్పిన టకటక ఛాంబర్‌లో కార్బన్ వల్ల కావచ్చు, గట్టిపడిన కార్బన్ కంప్రెషన్ పెంచుతుంది, వేడెక్కి పెట్రోల్‌ని ముందే అంటిస్తుంది కూడా. ఆయిల్ మార్చే టైమ్‌కి ముందు ట్యాంకులో వాడండి, కొంత రింగుల పక్క నుంచి ఆయిల్‌లోకి దిగుతుంది కాబట్టి ఆ తర్వాత కొత్త ఆయిల్ పడితే మంచిది. మోతాదు డబ్బా మీద రాసినంతే, రెట్టింపు పోస్తే రెట్టింపు శుభ్రం కాదు.

అదే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ అయితే ఈ బాటిల్ ఇన్‌టేక్ వాల్వ్‌లకి ఏమీ చేయదు, పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది, వాల్వ్‌ని తాకనే తాకదు. కార్బన్ బాగా గట్టిపడ్డాక ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి తీయడమే దారి. డీజిల్‌లో ఈజీఆర్ (పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపే వ్యవస్థ) మసీ అంతే, విప్పి చేత్తో శుభ్రం చేసిందే నిలుస్తుంది.

రాజమండ్రి_ఆటో:
వీడియోలు చూసి కిరోసిన్, నీళ్లు మాత్రం పంపించొద్దు బ్రదర్, దండం పెట్టి చెప్తున్నాను. ద్రవం నొక్కితే నొక్కుకోదు. సిలిండర్‌లో కాస్త ఎక్కువ నిండిందంటే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అప్పుడు ఇంజిన్ మొత్తం దించాల్సిందే. ఓవెన్ క్లీనర్ వాడమని చెప్పేవాళ్లూ ఉన్నారు, దాంట్లో కాస్టిక్ సోడా ఉంటుంది, అల్యూమినియం హెడ్‌నీ పిస్టన్‌నీ తినేస్తుంది.

ఎల్బీనగర్_డ్రైవర్:
చాలా థాంక్స్ అండీ. నాది ఎంపీఎఫ్ఐనే. ముందు ప్లగ్‌లు, త్రాటిల్ బాడీ చూపిస్తాను, దాని తర్వాతే బాటిల్. ఆయిల్ మూత తీస్తే లోపల నల్లటి ముద్దలా అంటుకుని ఉంది, మరి ఫ్లష్ అవసరమేనా?

నెల్లూరు_మెకానిక్:
అలా ఉంటే ఫ్లష్ అసలు వద్దన్నా. ఆ ముద్ద ఒక్కసారిగా ఊడి సంప్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ జల్లెడకి అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతాయి. సంప్ విప్పించి జల్లెడ కడిగించండి, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి లాగేది) కూడా చూడమనండి. తర్వాత రెండు మూడు సార్లు ఆయిల్, ఫిల్టర్ మామూలు కంటే ముందే మార్చుకుంటూ పోతే మిగిలింది మెల్లగా దిగుతుంది. ప్లగ్‌లు ఊడదీసినప్పుడు ఫోటోలు పెట్టండి, రంగు చూస్తే ఏ సిలిండర్ సరిగ్గా మండట్లేదో చెప్పొచ్చు.