‘లక్కీ మ్యాన్’ చివరి మోగ్ సోలో: గ్లైడ్ కుదరడం లేదు, సాయం చేయండి

ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ 1970లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో ఆఖరి పాట ‘లక్కీ మ్యాన్’. దాని ముగింపులో కీత్ ఎమర్సన్ మోగ్ మాడ్యులర్ (పాత అనలాగ్ సింథసైజర్) మీద వాయించిన సోలోను ఇంట్లో వాయించాలని మూడు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. స్వరాలు వచ్చేశాయి, టోన్ కూడా చాలావరకు దగ్గరికొచ్చింది. గ్లైడ్, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, ఒక్కటే రావడం లేదు. ఆ సోలోకి ప్రాణం అదే.

నా దగ్గరున్నవి 49 కీల మిడి కీబోర్డు, ల్యాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్ సింథ్ (సాఫ్ట్‌వేర్ సింథసైజర్). అందులో పెట్టిన సెట్టింగులు ఇవి: రెండు స్క్వేర్ వేవ్ ఆసిలేటర్లు (ధ్వనిని పుట్టించే భాగాలు), అందులో ఒకటి ఆక్టేవ్ కింద, డిట్యూన్ (రెంటి శ్రుతిలో చిన్న తేడా) 6 సెంట్లు. లో-పాస్ ఫిల్టర్ కటాఫ్ 2 కిలోహెర్ట్జ్, రెజొనెన్స్ బాగా తక్కువ. మోనో మోడ్ (ఒకసారికి ఒకే స్వరం), లెగాటో (స్వరాలను విడదీయకుండా కలిపి పలికించడం) ఆన్.

గ్లైడ్ 250 మిల్లీసెకన్లు పెడితే పక్కపక్క స్వరాలు బాగానే పలుకుతున్నాయి. కానీ రెండు ఆక్టేవ్‌లు దూకినప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో సైరన్‌లా జారుతోంది. రికార్డింగ్‌లో అలా కాదు, చప్పున లేచి, చేరాల్సిన స్వరం దగ్గర నెమ్మదిస్తుంది. 80కి తగ్గిస్తే జారుడే వినపడదు, 400కి పెంచితే తాళం తప్పుతోంది. లెగాటో ఆపి చూశాను, తేడా లేదు. పిచ్ బెండ్ (శ్రుతిని పైకీ కిందికీ వంచే) గీతను మౌస్‌తో గీస్తే రెండు చోట్ల సరిపోయింది, కానీ అది వాయించినట్టు లేదు.

పాత అనలాగ్ సింథ్‌లలో గ్లైడ్ కెపాసిటర్ నిండే తీరులో వంపుగా సాగుతుందని చదివాను. నా సింథ్‌లో ఆ వంపు మార్చే సెట్టింగ్ కనిపించలేదు. లైవ్‌గా వాయిస్తూనే అలాంటి గ్లైడ్ రావాలంటే సాఫ్ట్ సింథ్‌లో ఏం చేయాలి?